ఫోకస్ తప్పిన పదకొండు సెకన్లు

పదేళ్ళ కిందట, వానలు మొదలైన వారంలో, భవానీపూర్‌లోని ఒక ఎడిటింగ్ గదిలో నాకో బెంగాలీ చిత్రం అప్పగించారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. నేను బెంగాల్‌లోనే, టికియాపారా రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాణ్ణి. అప్పటికి చీఫ్ ఎడిటర్‌గా ముప్ఫై ఏళ్ళు నిండాయి. జనాన్ని ఏడిపించే సినిమా ఏదైనా నా చేతిమీదుగానే వెళ్ళాలని నిర్మాతల నమ్మకం. ఆ నమ్మకం నాకూ ఉండేదని ఒప్పుకుంటున్నాను.

అలాంటి కథలను ప్రేమ నడిపిస్తుందని అందరూ అనుకుంటారు. నడిపించేది కడుపుమంట. ఓర్వలేని వదినో తోడికోడలో లేకపోతే ఉత్తరాలు దాచేవాళ్ళుండరు, పెళ్ళిళ్ళు చెడవు, విరామం తర్వాత కథే ఉండదు. ఆ మంటను తెరమీద చూపించేది రియాక్షన్ షాట్, అంటే ఒకరి సంతోషాన్ని చూస్తున్న మరొకరి ముఖం. అది ఎంతసేపు ఉండాలో తేల్చేది ఎడిటర్. నా లెక్క రెండు సెకన్లు. అంతకు మించితే ప్రేక్షకుడు ఆమెను తిట్టుకోవడం మాని జాలిపడటం మొదలుపెడతాడని నా సిద్ధాంతం. దాన్ని చాలామందికి నేర్పాను.

పైడమ్మ నా దగ్గర ఎనిమిదేళ్ళుగా అసిస్టెంట్. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గార్డెన్ రీచ్ డాక్‌లో క్రేన్ నడిపేవాడు. అందరిలాగే నన్ను దాదా, అంటే అన్నా, అని పిలిచేది, మేమిద్దరమే ఉన్నప్పుడు తెలుగులో మాట్లాడేది. మా వృత్తిలో అసిస్టెంట్ షాట్లను విడదీసి, పేర్లు పెట్టి వరసలో ఉంచుతాడు. ఏది ఉండాలో ఏది పోవాలో చీఫ్ చూసుకుంటాడు. అసిస్టెంట్ అసోసియేట్ కావాలంటే, ఒక సన్నివేశం మొత్తం స్వయంగా ఎడిట్ చేసినట్టు చీఫ్ మా సంఘానికి ఉత్తరం రాయాలి. పైడమ్మ ఆ ఉత్తరం కోసమే ఎదురుచూస్తోంది. ఈసారి రాస్తానని చెప్పి, పెళ్ళిచూపుల సన్నివేశం ఆమె చేతికిచ్చాను.

అందులో పెళ్ళికాని అక్క చెల్లెలికి తల దువ్వి పెళ్ళివారి ముందుకు పంపిస్తుంది. ఆ తర్వాత వాళ్ళతో చెల్లెలి గురించి ఒక అబద్ధం చెబుతుంది. దర్శకుడు 'కట్' అన్నాక కూడా కెమెరా కాస్సేపు తిరుగుతూ ఉంటుంది. ఆ చివరి ముక్కలు ఎవరూ చూడరు. పైడమ్మ చూసింది. పని అయిపోయిందనుకున్న నటి, దువ్వెనకు చిక్కిన చెల్లెలి వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. తర్వాత అదే చేత్తో తన పలచటి పాపిట తడుముకుంది. పదకొండు సెకన్లు. పైడమ్మ ఆ ముక్కను అబద్ధానికి ముందు పెట్టింది.

దర్శకుడు చూశాడు. మళ్ళీ ఒకసారి వెయ్యమన్నాడు. ముప్ఫై ఏళ్ళలో నా పని చూసి మళ్ళీ వెయ్యమన్నవాళ్ళు లేరు. బాగుందనేవారు, టీ తెప్పించేవారు, అంతే. నాకు కన్ను కుట్టింది. ఆ రోజు మాత్రం అది పని మీద నాకున్న పట్టింపేననుకున్నాను.

'కట్' వినగానే కెమెరా సహాయకుడు ఫోకస్ వదిలేశాడు, అందుకని నటి ముఖం కొంచెం మసకగా ఉంది. పెద్ద తెరమీద బాగోదని చెప్పాను. నిజానికి అంతకన్నా మసక షాట్లు నేనే వాడాను. దర్శకుడు కాస్సేపు తటపటాయించి, నిర్ణయం నాకే వదిలి వెళ్ళిపోయాడు.

పైడమ్మ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "ఫోకస్ పోనాది, నాకూ తెలుసు దాదా. ఆవిడ ముఖం పోనేదు కదా," అంది.

ఎడిటర్ కన్ను ముందు ఫోకస్ చూడాలని, అది చూడలేనివాళ్ళకు ఉత్తరం రాయలేనని చెప్పాను. ఆమె కుర్చీ మళ్ళీ తెరవైపు తిప్పుకుంది. "తీసీమంటారేటి?" అని అడిగి, తనే తీసేసింది.

అక్కడ నా రెండు సెకన్ల షాట్ పెట్టాను. సినిమా విడుదలయ్యాక హాల్లో జనం అక్కను నోరారా తిట్టారు. ఆమె ఎందుకలా చేసిందో ఎవరికీ పట్టలేదు. పని ముగిశాక వాడని షాట్లను డ్రైవుల్లోంచి చెరిపేయడం మా పద్ధతి. చెరిపేసే షాట్ల జాబితా మీద సంతకం నాదే. అందులో ఒక్క వరస కొట్టేస్తే ఆ పదకొండు సెకన్ల ముక్క మిగిలేది, కొట్టెయ్యలేదు. పైడమ్మ ఆ ఏడాదే ఉద్యోగం మానేసింది.

నేను రిటైరయ్యాక, నిరుడు, జరిగింది చెప్పి క్షమించమని అడుగుదామని గార్డెన్ రీచ్ వెళ్ళాను. ఇంటి ముందుగదిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తోంది. కుర్చీ వేసి, టీ ఇచ్చి, పని ఆపకుండానే మాట్లాడింది. తెరమీద అప్పగింతలు జరుగుతున్నాయి. పెళ్ళికూతురి అమ్మమ్మ జనానికి దూరంగా నిలబడి, మనవరాలు విడిచిన చెప్పులు కొంగుతో తుడుస్తోంది. షాట్ కాస్త మసకగా ఉంది. పైడమ్మ దాన్ని తీసేసింది. ఎందుకు తీశావని అడిగాను.

"ఫోకస్ నేదు కదా దాదా. అలాటివి ఒక్కటీ ఉంచను. మీరు నేర్పిందే," అంది. అందులో దెప్పిపొడుపు లేదు. నేను మెచ్చుకుంటాననుకుంది.

మా సినిమాల్లో ఓర్వలేనివాళ్ళ గుట్టు చివరి రీలులో బయటపడుతుంది. పనిచేసే చోట అలా జరగదు. పై స్థానంలో ఉన్నవాడి కుళ్ళు కిందివాళ్ళకు పాఠంగా అందుతుంది, వాళ్ళు దాన్ని నమ్మి శ్రద్ధగా పాటిస్తారు. ఆ పాఠం అబద్ధమని పైడమ్మకు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. టీ తాగి, చెప్పకుండానే లేచి వచ్చేశాను.