మూసుకోని చాకు, పడాల్సిన మూడు ముళ్లు

ఆ రోజుల్లో జేబు చాకులకు లాకులుండేవి కావు, వాడేవాళ్లకు భయం మాత్రమే ఉండేది. వెనక ఒక స్ప్రింగు, ముందు ఒక బ్లేడు, మధ్యలో మన వేలు. గోదావరిఖనిలో మా వీధిలో కేబుల్ పని చేసే ఎలక్ట్రీషియన్లందరికీ చూపుడు వేలి మీద ఒకేచోట గాటు ఉండేది (మా నాన్నకు రెండు. రెండోది ఆయన పెళ్లినాటిది, దాని సంగతి ఇప్పుడే చెప్తాను). తర్వాత పిడి వెనక నొక్కితే మూసుకునే చాకులు వచ్చాయి. ఆ తర్వాత లోపల సన్నటి రేకు అడ్డం పడేవి, ఇప్పుడు పక్కన బటన్ ఉండేవి. మనలాంటివాళ్ల వేళ్లు కాపాడడానికి ఎవరో ఎక్కడో కూర్చుని ఇంత బుర్ర పెట్టారంటే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. కానీ ఆ బుర్ర నా పెళ్లి రోజున నన్ను పెట్టిన తిప్పలు మాత్రం పగవాడికి కూడా వద్దు.

మా వైపు పెళ్లికొడుకును చేయగానే చేతికి నిమ్మకాయ గుచ్చిన కత్తి ఇస్తారు, దిష్టీ గాలీ ధూళీ సోకకుండా. మూడు ముళ్లు పడేదాకా అది అతన్ని విడవకూడదు. పుస్తె కట్టే వేళకు రెండు చేతులూ కావాలి కాబట్టి నడుముకు చెక్కుకుంటాడు. ఉన్నవాళ్లింట్లో ఒరతో సహా కటారు ఉంటుంది. మాది బొగ్గుబాయి కొలువు మీద బతికే ఇల్లు, మా నాన్న డ్యూటీకి పట్టుకుపోయే మడత చాకే మా కటారు. ఆయన పెళ్లిలో సరిగ్గా పందిట్లో అడుగు పెడుతుండగా అది టప్పున ముడుచుకుని వేలు కోసింది, కత్తి కింద పడింది. అప్పటినుంచి ఇంట్లో ఏ నష్టం జరిగినా మా అవ్వ, అంటే నాన్నకు తల్లి, తప్పు అక్కడే తేల్చేది. బర్రె చచ్చినా, గోడ కూలినా, ఆఖరికి నేను పదో తరగతి తప్పినా ఒకటే మాట. "ఆనాడు పందిట్ల కత్తి ఇడిచిపెట్టిండు కద!"

అందుకే నా పెళ్లికి ఆ పాత చాకు వద్దని తీర్మానమైంది. ఆ భారం మా మేనమామ తన మీద వేసుకున్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, కొత్త వస్తువంటే చెవి కోసుకునే మనిషి. పెళ్లి బస్సు బయలుదేరే పొద్దున ఎక్కడినుంచో సంపాదించిన కొత్త చాకుతో దిగాడు. "అవ్వా, ఇగ నీకు ఫికర్ వద్దు. దీనికి లాకున్నది. ఒక్కసారి ఇప్పినమంటే సచ్చినా మూసుకోదు!" అంటూ టక్కున తెరిచి, నిమ్మకాయ గుచ్చి, నా చేతిలో పెట్టాడు. "నాకు ఫస్టు షిఫ్టున్నది బిడ్డా, డ్యూటీ దిగి భోజనాలకు అందుకుంట" అని సైకిలెక్కి పోయాడు. తెరిచింది ఆయనే. ఎలా మూయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు (ఆ పూట పెళ్లికొడుకు బుర్రలో అంత జాగా ఉండదు).

పెళ్లి కాసిపేటలో, పిల్ల వాళ్లింటి ముందు. బస్సు గోదావరి వంతెన దాటాక నాన్న వంగి నా చేతికేసి చూశాడు. అనుభవం ఉన్న మనిషి కదా, అనుమానం ఆయనకే వచ్చింది. "బిడ్డా, మరి నడుముకు చెక్కేటప్పుడు గిది ఎట్ల మూస్తవ్?" మెల్లగా నొక్కి చూశాను, కదల్లేదు. గట్టిగా నొక్కాను, ఊహూ. ఇంతలో బావ లేచాడు, కాక లేచాడు, వెనక సీట్లో తాపీగా నిద్రపోతున్నవాళ్లూ లేచారు. ఒకాయన పిడి వీపు నొక్కమన్నాడు, ఇంకొకాయన సీటు కడ్డీకేసి కొట్టమన్నాడు. కత్తి నా చేతినుంచి దిగకూడదు కాబట్టి అందరూ నా చెయ్యితో సహా పట్టుకుని లాగుతున్నారు. బొగ్గు లారీలు నలగ్గొట్టిన ఆ రోడ్డు మీద బస్సు ఎగిరినప్పుడల్లా అందరూ ఒక్కసారిగా "వామ్మో" అని చేతులు వదిలేసేవారు. నిమ్మరసం కారి నా పట్టుపంచె మీద మరకలు పడ్డాయి. వెనకనుంచి అవ్వ మాత్రం, "ఏమన్న గానీ, కత్తి ఇడువకు బిడ్డా! మళ్ల ఆ పీడ మనకొద్దు" అంటూనే ఉంది.

పందిట్లో పీట మీద కూర్చున్నాక నాకు మంత్రాలు వినబడలేదు. ఒకటే లెక్క. ఈ తెరిచిన కత్తిని నడుముకు చెక్కుకుంటే, కూర్చున్నప్పుడు పొట్టలో దిగుతుంది, వంగినప్పుడు తొడలో దిగుతుంది. చేతిలోనే ఉంచుకుని ముళ్లు వేద్దామంటే, అవతల ఆడపిల్ల మెడ. కింద పెడదామంటే ఎదురుగా చాప మీద అవ్వ, రెప్ప వెయ్యకుండా నా చేతినే చూస్తోంది. మూడు ముళ్లు పడేలోపు దవాఖానలో ఎవరికో ఒకరికి కుట్లు పడడం ఖాయమనిపించింది. చెమటకు బాసికం జారింది. జీలకర్ర బెల్లం అయింది, తెర తీశారు, పిల్లను నా పక్కన కూర్చోబెట్టారు. ఆమె మొహం కూడా సరిగ్గా చూడలేదంటే నమ్మండి. అప్పుడే పంతులు పుస్తె అందుకుంటూ, "కత్తి నడుముకు చెక్కుకో నాయనా, ముహూర్తం దగ్గరపడ్డది" అన్నాడు.

చెమట ధారగా కారుతుంటే ఆ చాకును ఇంకోసారి నొక్కి చూశాను. పక్కనుంచి, వంచిన తల ఎత్తకుండానే, సన్నగా ఒక గొంతు. "జరమొచ్చిందా మీకు?"

పెళ్లి చూపుల్లో తలూపడమే తప్ప ఆమె నాతో మాట్లాడలేదు. ఇదే మొదటి మాట. సిగ్గు విడిచి నేనూ గుసగుసగా నిజం చెప్పేశాను. "చాకు మూసుకుంటలేదు."

ఆమె కొంగు సర్దుకుంటున్నట్టు నా పిడికిలి మీద కప్పింది. "చెయ్యి కదపకుండ్రి. లోపట రేకున్నది, దాన్ని పక్కకు నూకి మూయాలె. మా అన్నకు గిసొంటిదే ఉన్నది, నేను మామిడికాయలు కోస్త." కొంగు చాటున ఆమె బొటనవేలు నా వేళ్ల మధ్య దూరి ఏదో పక్కకు తోసింది. నిమ్మకాయ ఊడి పీట కిందికి దొర్లింది. టక్. పొద్దుటినుంచి బస్సు నిండా మగవాళ్లు లాగినా మూసుకోని చాకు బుద్ధిగా మూసుకుంది. ముందు వరసలో ఆడవాళ్లు మాత్రం, "అగో, అప్పుడే చేతులు పట్టుకున్నరు!" అని పకపకా నవ్వారు. నవ్వితే నవ్వారు. నేను చాకు నడుముకు చెక్కుకుని, హాయిగా గాలి పీల్చుకుని, మూడు ముళ్లూ వేశాను.

అవ్వ కళ్లు గప్పడం ఎవరి తరం? భోజనాలప్పుడు కొత్త కోడలి పక్కన చేరి నిలదీసింది. "కత్తి మీద నీ చెయ్యెందుకు పడ్డదే?" ఇక జన్మంతా బర్రెలు చావడం, గోడలు కూలడం ఈ పిల్ల ఖాతాలోనే అనుకున్నాను. పిల్ల జంకకుండా, "ఇడిచిపెట్టలేదు అవ్వా, ఇద్దరం పట్టుకున్నం" అంది. అవ్వ తలూపి, "ఇద్దరు పట్టుకుంటే ఇంక మంచిదే" అని పాయసం జుర్రుకుంది. సరిగ్గా అప్పుడే మేనమామ చెమటలు కక్కుకుంటూ వచ్చి నా వీపు చరిచాడు. "ఎట్లున్నది అల్లుడా కత్తి? సచ్చినా మూసుకోదన్ననా లేదా?"

వచ్చే నెల మా అబ్బాయి పెళ్లి. వాడి కత్తికి బటనుంది, ఒక్క వేలుతో నొక్కితే ముడుచుకుంటుంది. "నీ లెక్క పరేషాన్ కావాల్సిన పని లేదు నాన్నా" అని నాకు చూపించి మురిసిపోయాడు. నా పాత చాకు ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. మామిడికాయ కోసుకున్నాక, "ఇది మూసుకుంటలేదే" అని దాన్ని తెరిచినట్టే మా ఆవిడ ముందుకు చాపుతాను. "ఇన్నేండ్లాయె, గింత సుత రాకపాయె మీకు" అని విసుక్కుంటూ నా వేళ్ల మధ్య బొటనవేలు దూర్చి మూస్తుంది. అది మూయడం నాకు పెళ్లయిన వారంలోనే వచ్చేసింది. మావాడు మాత్రం తన చాకు తనే మూసుకుంటాడు, పాపం.