రెండు చేతుల బోర్డు

మన పఠనమందిరం పత్రిక పోయిన సంచికలో కార్యదర్శి ఒక మాట రాశాడు: "డ్రాయింగు మాస్టరు గారి చేతి నుంచి జన్మలో ఒక్క వంకర గీత రాలేదు." అబ్బాయి మంచివాడే. చనిపోయినవారి గురించి రాయమంటే చేతికందిన పూలన్నీ కుమ్మరించాడు. కాని అది నిజం కాదు. మాస్టరు గారు ఒక తప్పు చేశారు. దాన్ని చూసి ఊరు ముందు నవ్వింది, తరవాత భయపడింది. పోయిన మనిషికి మర్యాద చెయ్యాలంటే ఆయన చేసిన తప్పును కూడా సరిగ్గా చెప్పాలి.

ఆయన పోయిన సంగతి మా మనవరాలు తెచ్చింది. "నానమ్మా, మాస్టర్ సాబ్ పోయిండట" అంది. నేను చిక్కుడుకాయలకు నార తీస్తున్నాను. "అవ్‌నా" అన్నాను. చాటలోని కాయలన్నీ అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాను. మధ్యలో ఆపితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతవరకూ ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను. ఇప్పుడు చూడటం కూడా మానేశాను.

ఎరగనివారి కోసం చెబుతున్నాను. ఆయన ఇక్కడి సర్కారు బడిలో డ్రాయింగు చెప్పేవారు. ముసల్మానులు; కింది వాడలో మా పెరటి గోడకు అవతల వాళ్ళ ఇల్లు. నాకంటే చాలా చిన్న, అక్కా అని పిలిచేవారు. నిలబడి మాట్లాడుతున్నంతసేపూ కాలి బొటనవేలితో నేల మీద ఏదో ఒకటి గీస్తూ ఉండేవారు. ఏ వస్తువునైనా ఒక కన్ను మూసి చూడనిదే తృప్తి ఉండేది కాదు. ఒకసారి నా జొన్నరొట్టెను అట్లాగే చూసి, "అక్కా, ఇది ఒక దిక్కు గుంజుతున్నది" అన్నారు.

"తినేది నోటితోని మాస్టర్ సాబ్, కండ్లతోని కాదు" అన్నాను. తిన్నారు. ఇంకొకటి అడిగారు. అది కూడా గుంజుతున్నదని చెప్పి మరీ తిన్నారు.

చెరువు అలుగు దూకిన ఏడు నీళ్ళు కింది వాడలోకి వచ్చాయి. కొన్ని ఇళ్ళు కూలాయి. మా ఇల్లు కూలలేదు కాని ఉత్తరపు గోడ కడుపుతో ఉన్న మనిషిలా ఇంట్లోకి పొడుచుకొచ్చింది. దానికి తాటిదూలం ఆనించి, ఆ గోడ పక్కనే మా కోడలూ మనవరాలూ పడుకునేవారు. ఇంకో చోటు లేదు. మళ్ళీ వాన పడేలోగా మేమందరం ఎత్తు మీదికి పోవాలి. సర్కారువారు ఊరి బయట మెరక జాగా ఇచ్చారు, సున్నంతో గీతలు గీసి ఎవరి జాగా వారికి చూపించారు, గుడిసెల కర్రలు కూడా పాతారు. అయినా ఒక్క ఇల్లు కదలలేదు. "పొయ్యి పొగ లేని జాగకు పొమ్మంటే ఎట్ల పోతం?" అన్నాడు సాలెవాడలోని ముసలాయన. ఎవరో ఒకరు ముందు పోవాలని అందరూ అన్నారు. ఆ ఒకరు తాను కాదని కూడా అందరూ అన్నారు.

అప్పుడు పటేలుకు ఒక ఆలోచన వచ్చింది. పేరూ గుర్తూ ఉన్న బోర్డు పెడితే ఆ జాగా ఊరులా కనిపిస్తుంది, జనం కదులుతారని. పని మాస్టరు గారికి అప్పగించారు. ఏ గుర్తు వెయ్యాలన్నది తేలలేదు.

"ఏనుగు వెయ్యి, గంభీరంగ ఉంటది" అన్నాడు పటేలు.

"దాన్ని ఎవడు మేపాలె?" అన్నాడు సాలె ముసలాయన.

ఆ సాయంత్రం మాస్టరు గారు పెరటి గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు. "పువ్వు వేస్తే ఒకరు అలుగుతరు, చంద్రుణ్ణి వేస్తే ఇంకొకరు అలుగుతరు. అందరిండ్లల్ల ఉండి ఎవ్వరూ మొక్కనిది ఏముంది అక్కా?"

"ఆకలి" అన్నాను.

"గది గీయరాదు గద" అన్నారు. అంటూనే ఒక కన్ను మూసి మా పెరట్లోకి చూశారు. అక్కడ బయటి పొయ్యి ఉంది. మూడు రాళ్ళు, నడుమ బూడిద. చాలాసేపు చూశారు. మర్నాటికి గుర్తు తయారైంది: మూడు రాళ్ళు, వాటి నడుమ ఒక మంట. పటేలు దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇంత చిన్న పనికి డ్రాయింగు మాస్టరు ఎందుకన్నాడు. కాని వద్దనడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

ఇక బోర్డు. బడి వరండాలో పలకను నేల మీద పరిచి, రోజుకు ఒక పంక్తి చొప్పున రాశారు. పైన ఉర్దూలో నయీ బస్తీ, కింద తెలుగులో కొత్త బస్తీ. ఆయనకు తెలుగు రాయడం రాదు గనక ఆ అక్షరాలు నేను సుద్దతో గీసిస్తే ఆయన రంగు నింపారు. దారి చూపే బోర్డు గనక పేరు అయిపోయిన చోట వేలు చాపిన చెయ్యి వెయ్యడం ఆ పనిలో ఆనవాయితీ. ఉర్దూ ఎడమకు నడిచి ఎడమ చివర ఆగుతుంది. అక్కడ ఒక చెయ్యి వేశారు. తెలుగు కుడి చివర ఆగుతుంది. అక్కడా ఒక చెయ్యి వేశారు. రెండు చేతులూ ముచ్చటగా కుదిరాయి. గోళ్ళు కూడా కనిపిస్తున్నాయని మెచ్చుకున్నవారిలో నేనూ ఉన్నాను.

బోర్డును దారి చీలే చోట నిలబెట్టారు. ఎడమకు పోతే బస్తీ, కుడికి పోతే పక్క ఊరు మంచాల. ఉర్దూ చదివినవాణ్ణి బోర్డు బస్తీకి పంపుతుంది, తెలుగు చదివినవాణ్ణి మంచాలకు పంపుతుంది. మొదటి రోజు అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మాస్టరు గారూ నవ్వారు.

రెండో రోజుకు నవ్వు ఆగిపోయింది. "గది తప్పు కాదు, వాళ్ళ కడుపుల ఉన్న మాట బయటపడ్డది. తురకోల్లకు ఆ జాగ, మనల్ని మంచాల దిక్కు తోలుతరు" అని ఎవరో అన్నారు. అటువైపు వాళ్ళు, "తెలుగోల్లు వేరే బస్తీ కట్టుకుంటున్నరట, మనల్ని ఒంటరిగ పడేస్తరట" అన్నారు. చదవడం రానివాళ్ళే ఎక్కువ నమ్మారు. మూటలు కట్టుకున్నవాళ్ళు విప్పేశారు. మా కోడలు కూడా విప్పింది. ఆకాశం అప్పటికే నల్లబడుతోంది.

పటేలు మాస్టరు గారిని పిలిపించాడు. "ఒక చెయ్యి తుడిచెయ్."

"ఏ చెయ్యి?" అన్నారు మాస్టరు గారు.

తెలుగు చెయ్యి తుడిస్తే తెలుగువాళ్ళను వెళ్ళగొట్టినట్టు. ఉర్దూ సర్కారు భాష, ఆ చెయ్యి తుడిస్తే పై అధికారులు అడుగుతారు, పైగా సరైన దారి చూపేది అదొక్కటే.

మర్నాడు తెల్లవారుతూనే మాస్టరు గారు మా వాకిట్లోకి వచ్చారు. వెనక ఆయన భార్య, నెత్తిన గిన్నెల గంప. ఆయన చేతిలో ఒక కుండపెంకు.

"అక్కా, జర నిప్పు ఇయ్యి" అన్నారు.

మన దగ్గర నిప్పు అడిగితే లేదనరు. ఎవరింటి నీళ్ళు తాగరో వారి ఇంటి నుంచి కూడా నిప్పు తెచ్చుకుంటారు. "ఎక్కడికి?" అన్నాను.

"బస్తీకి. నీ నిప్పుతోనే నా పొయ్యి వెలగాలె. రేపు నువ్వొచ్చి నా దగ్గర తీస్కో. నీ తర్వాత వచ్చేటోల్లు నీ దగ్గర తీస్కుంటరు. నీల్లకు మైల ఉంటదేమో గని, నిప్పుకు ఉండదు గద."

"బోర్డు సంగతి?"

"రెండు చేతులు తుడిచేసిన."

"మరి దారి ఎట్ల తెలుస్తది?"

"పొగ కనబడతది" అన్నారు.

పెంకులో నాలుగు కణికలు వేసి, పైన బూడిద కప్పి ఇచ్చాను. పొద్దెక్కేసరికి మెరక మీద సన్నగా పొగ లేచింది. వాడంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. మా కోడలు మాత్రం మూట మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. "ఆయన పొయ్యి నుంచి మనం నిప్పు తీసుకుంటే జనం ఏమంటరో అత్తా" అంది, ముడి వేస్తూనే.

"మన నిప్పే గద, మనం తెచ్చుకుంటున్నం" అన్నాను.

మర్నాడు మేము పోయాం. ఆయన పొయ్యి నుంచి నిప్పు తీసుకున్నాం. ఆ తరవాత సాలె ముసలాయన వచ్చి నా దగ్గర తీసుకున్నాడు, కట్టెలు పచ్చివని సణుగుతూ. అట్లా ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఈ బస్తీలో ఏ పొయ్యి నిప్పు ఎవరిదో ఇప్పుడు విడదియ్యడం ఎవరి తరమూ కాదు.

వారం తిరక్కుండానే వాన పట్టుకుంది. కింది వాడలో మా ఉత్తరపు గోడ దూలంతో సహా లోపలికి పడింది. కింద ఎవరూ లేరు. ఆ మాట ఆయనకు చెప్పినప్పుడు నేల మీద బొటనవేలితో ఏదో గీశారు. వాన తడికి అది ఏమిటో తెలియలేదు.

ఇక ఇప్పటి సంగతి. రోజులు బాగాలేవు. పట్నం నుంచి వచ్చే ప్రతివాడూ ఒక కొత్త భయాన్ని మోసుకొస్తున్నాడు. మాస్టరు గారి భార్యను వాళ్ళ అన్న పట్నం తీసుకుపోతానంటున్నాడు. నిన్న పోయి తలుపు అవతల కూర్చున్నాను. భర్త పోయాక వాళ్ళ ఆచారంలో ఉండే గడువు తీరేదాకా ఆమె గడప దాటదు.

"అన్న రమ్మంటున్నడు అక్కా. ఈడ నాకు ఎవరున్నరని అడుగుతున్నడు" అంది లోపలి నుంచి.

"పొద్దున ఏం వండినవ్?" అన్నాను.

"కట్టెలు అయిపోయినయ్" అంది.

అందుకని, ఇది చదివినవారిలో రేపు అంగడి వైపు పోయేవారు ఎవరైనా ఒక మోపు తుమ్మకట్టెలు తీసుకోండి. ఎండినవి చూడండి, ఆమెకు దగ్గు ఉంది. సన్నగా చీల్పించండి, గొడ్డలి ఆ ఇంట్లో లేదు. తలుపు కొట్టవద్దు, పరామర్శలు వద్దు. అరుగు మీద చూరు కింద పెట్టి వచ్చేయండి. కొంచెం దూరం నడిచాక ఒకసారి వెనక్కి తిరిగి ఆ ఇంటి కప్పు వైపు చూడండి. పొగ కనిపిస్తే మీ పనికి మీరు పోండి. కనిపించకపోతే వచ్చి నాకు చెప్పండి. నిప్పు తీసుకుని నేను పోతాను.