ఉప్పు ఊరి పటం

వసుమతి పుట్టింది శ్రీకాకుళం జిల్లా నౌపడలో, ఉప్పు మడుల పక్కన. వాళ్ళ నాన్న సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు పండించేవాడు. అకాలంలో నాలుగు చినుకులు పడితే ఉప్పు కరిగిపోయి ఆ ఇంట్లో అందరి మొహాలూ మాడిపోయేవి. ఆమె చదువుకుని టెక్కలిలో సోషల్ టీచరయింది. మ్యాపు గీయాలంటే పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్ళి, ముగ్గుపిండితో నేలమీదే గోదావరిని పారించేది.

1979లో భర్త రామమోహన్‌తో కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కి వచ్చాక ఆ చెయ్యి ఊరుకుంది. ఒక స్కూల్లో, నాలుగో తరగతి టీచరుకి సహాయకురాలిగా ఉద్యోగం దొరికింది. పెన్సిళ్ళు చెక్కాలి, పిల్లల్ని లైన్లో నిలబెట్టాలి, నోరు మాత్రం విప్పకూడదు. పాఠం చెప్పి బతికిన మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది!

1983 వసంతంలో ఆ టీచరమ్మకి నెలలు నిండాయి. వసుమతి డిగ్రీని పైవాళ్ళు అప్పటికే ఒప్పుకున్నారు, ఆ క్లాసు ఆమెకివ్వడానికి ఇక ప్రిన్సిపాల్ మిసెస్ కార్‌మైకేల్ ఊ అనాలి. మాటల్లో పొదుపరి, నవ్వులో మరీ పొదుపరి ఆవిడ.

"శుక్రవారం ఒక పాఠం చెప్పండి. నేను వింటాను. బాగుంటే ఏడాది చివరిదాకా క్లాసు మీదే," అంది.

ఆ నెలలోనే పిల్లలు ఫోర్ట్ రాస్ చూడబోతున్నారు. కాలిఫోర్నియా ఒడ్డున ఒకప్పుడు రష్యన్లు కట్టుకున్న కొయ్యకోట అది. దాన్ని కట్టించినాయనది ఉత్తర రష్యాలో తోత్మా అనే చిన్న ఊరు. రష్యా పేరెత్తితేనే అమెరికాలో మొహాలు ముడుచుకునే రోజులవి. అయినా వసుమతి ఆ ఊరి గురించే చెప్పాలనుకుంది. ఊరు తెలియకుండా మనిషిని తెలుసుకోవడం ఆమె దృష్టిలో కుదరని పని.

లైబ్రరీలో పాత ఎన్‌సైక్లోపీడియా తోత్మాకి నాలుగు వాక్యాలు పడేసింది. సుఖోనా నది ఒడ్డు. వందల ఏళ్ళ ఉప్పు వ్యాపారం. నక్కతోళ్ళ కోసం అలాస్కా దాకా ఓడలెక్కిన వర్తకులు. ఊరి చిహ్నం నల్ల నక్క. ఉప్పు అన్న మాట చూడగానే వసుమతికి ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ, ఇది అచ్చం మా నౌపడేనండీ! ఉప్పు, ఓడలు, సముద్రం!"

"సముద్రం అని బుక్‌లో ఉందా? ఓసారి చెక్ చెయ్యి," అన్నాడు రామమోహన్.

"ఉప్పున్న చోట సముద్రం లేకుండా ఎక్కడికి పోతుందండీ? మీరు మరీను!"

ఆయనది విజయవాడ. ఉప్పంటే కొట్లో దొరికేదని తప్ప ఆయనకేం తెలుసని ఆవిడ ధీమా.

శుక్రవారం ముగ్గుపిండికి బదులు డబ్బాడు బియ్యప్పిండి పట్టుకెళ్ళి, ఆటస్థలంలో రష్యా పటం వేసింది. పైన వైట్ సీ అనే తెల్ల సముద్రం, దాని ఒడ్డునే తోత్మా చుక్క, చుక్క పక్కన ఉప్పు మడులు. నాన్న మడిలోంచి ఉప్పుని గట్టుకి లాగే తీరు నడుం వంచి మరీ చూపించింది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. మిసెస్ కార్‌మైకేల్ మడత కుర్చీలో కూర్చుని చూస్తోంది.

మెలిస్సా అనే పిల్ల చెయ్యెత్తింది. "మిస్ వసు, అక్కడ ఎప్పుడూ మంచు కురుస్తుందన్నారుగా. మరి ఉప్పు ఎలా ఆరుతుంది?"

పిండి పిడికిట్లోనే ఉండిపోయింది. చినుక్కే నాశనమయ్యే మడులు ఆమెకి తెలియనివా? తెలిసి తెలిసి పప్పులో కాలేసింది. వేసవిలో ఆరుతుందని ఏదో చెప్పి దాటెయ్యొచ్చు. పిల్లలు నమ్ముతారు, ప్రిన్సిపాలూ నమ్ముతుంది, ఉద్యోగం వస్తుంది.

"నాకు తెలీదు, మెలిస్సా. నేనే తప్పు చెప్పాననుకుంటా. పదండి, వెతుకుదాం."

లైబ్రరీ బల్లమీద పెద్ద అట్లాసు పరిచారు. తోత్మాకి సముద్రం వందల మైళ్ళ దూరం! చుట్టూ అడవి. మిగతాది ఇంకో పుస్తకంలో దొరికింది. నేలలో లోతుగా బావులు తొలిచి, కొయ్య గొట్టాలతో ఉప్పునీరు పైకి తీసి, ఇనప పళ్ళాల్లో కట్టెల మంటమీద కాచేవారట. మా నాన్నకి ఎండ, వాళ్ళకి అడవి అనుకుంది వసుమతి.

ఆటస్థలానికి తిరిగొచ్చి, పాత చుక్కని చీపురుతో తుడిచేసి, అడవి నడిమధ్య కొత్త చుక్క పెట్టింది.

"మరి సముద్రమే చూడని ఊరివాళ్ళు ఓడలెలా ఎక్కారు?" ఈసారి అడిగింది ఆమె.

ఆమె పిండి నేలమీద జారవిడుస్తూ తూర్పుగా నడిచింది, పిల్లలు వెంటపడ్డారు. బాస్కెట్‌బాల్ కోర్టంతా సైబీరియా. ఉయ్యాలల దగ్గర ఓడరేవు. మంచినీళ్ళ కుళాయి దగ్గర అలాస్కా. అంత దూరం పోయొచ్చినవాళ్ళు ఇంటికొచ్చి, ఆ అడవి మధ్య ఓడల్లా నిటారుగా ఉండే చర్చిలు కట్టుకున్నారని నడుస్తూనే చెప్పింది. తిరిగి చూస్తే లైను చివర, ఎత్తు మడమల బూట్లతో మిసెస్ కార్‌మైకేల్!

కాలిఫోర్నియా ఇంకా రాకముందే పిండి అయిపోయింది. వసుమతి ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడింది.

"మీ క్లాసు కోటదాకా చేరలేదు," అంది ప్రిన్సిపాల్. "సోమవారం పెద్ద డబ్బా తెచ్చుకోండి."

మీ క్లాసు! ఆ మాట విన్నాక వసుమతికి కళ్ళు నిండాయి.

సోమవారం ఆమె వెళ్ళేసరికి పిచ్చుకలు సైబీరియా మొత్తం తినేశాయి. ఆమె నవ్వుకుని, నడుం వంచి, సముద్రానికి దూరంగా తోత్మా చుక్క పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది.