లోపల పడ్డ అస్తరు

మా మరిది మొన్న శుక్రవారం తెల్లవారుజామున కరీంనగర్‌లో పోయాడు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. పరామర్శకు వచ్చినవాళ్లలో చాలామంది కడుపులో రక్తనాళం పగిలి చనిపోయాడనుకున్నారు. అది తప్పు. ఆ నాళాన్ని ఆయన ఏడేళ్ల కిందటే బాగుచేయించుకున్నాడు. తప్పును అలాగే వదిలేయడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను.

ఆయన మరమగ్గాల మీద పాలిస్టర్ బట్ట నేసేవాడు. నేసిన గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడందే పొద్దున చాయ్ ముట్టేవాడు కాదు. నేను బడిలో పంతులమ్మగా పిల్లల్ని దండించినదాన్ని. ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పేది ఆయనొక్కడే.

ఏడేళ్ల కిందట కిడ్నీలో రాళ్లున్నాయేమోనని స్కానింగ్ తీయిస్తే, గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం కడుపు దగ్గర బుడగలా ఉబ్బిందని తేలింది. ఆ ఉబ్బులో రక్తం గడ్డకట్టి గోడకు మందంగా అంటుకుంది. ఎప్పుడైనా పగలొచ్చు, ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. మరిది ఒప్పుకోలేదు.

"అంగి లోపల కుట్టినట్టు అస్తరు పడ్డది గద వదినె. రెండు పొరలైనంక ఇంకేం పగులుతది?"

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"నువ్వు డాక్టరమ్మవా?"

"అయితె ఆయన్నే అడుగుదాం, పా" అని వెంటబెట్టుకుని పోయాను.

డాక్టరు విసుక్కోలేదు. రక్తపు గడ్డలో సన్నని పోగుల అల్లిక ఉంటుందని చెప్పి, బాగా పెద్దది చేసిన ఫొటో చూపించాడు. ఈ జబ్బున్నవాళ్లలో ఆ పోగులు మరీ దట్టంగా పడతాయట. సందులు చిన్నవి, అందుకే గడ్డ తొందరగా కరగదు. రక్తం వైపు పొర కొత్తది, ఎర్రగా ఉంటుంది. గోడ వైపుది పాతబడి పాలిపోతుంది. దాని కింద గోడకు ప్రాణవాయువు సరిగా అందదు.

మరిది ఫొటో మీంచి చూపు తిప్పలేదు. "అంటె అస్తరు కింద అసలు బట్ట పాడైతున్నట్టు."

"అంతే, పెద్దాయనా."

"మరి దాని జాగల ఏం పెడ్తరు?"

డాక్టరు సొరుగులోంచి తెల్లని గొట్టం తీసి ఇచ్చాడు. నేసిన పాలిస్టర్. మరిది గోటితో గీరాడు, రెండు వైపులా గుంజాడు, కిటికీకి ఎత్తి చూశాడు.

"నేత మంచిగుంది. పెట్టుండ్రి."

ఆపరేషన్‌లో తీసే గడ్డను పరిశోధనకు ఇస్తారా అని ఆసుపత్రివాళ్లు అడిగారు. "దాంతోని నేనేం అంగి కుట్టిచ్చుకుంట? తీస్కపోండ్రి" అన్నాడు. లోపలికి తీసుకుపోయే ముందు నాతో, "ఏం జేస్తున్నరో ఎరికైంది వదినె. ఇగ సగం భయం పోయింది" అన్నాడు. మిగిలిన సగం సంగతి నేను అడగలేదు.

ఇంటికొచ్చి కోలుకున్నాక మగ్గాల షెడ్డుకు ఆయనకు తోడు వెళ్లాను. నడుస్తున్న మగ్గం ముందు నిలబడి, ఒక అరచేయి తయారై వస్తున్న బట్ట మీద, రెండోది కడుపు మీద పెట్టుకున్నాడు. ఏదో అన్నాడు, ఆ చప్పుడులో నాకు వినిపించలేదు. చాలాసేపటి వరకు చేతులు మాత్రం తీయలేదు.