పాతబడని పాట వెంట పినపాక దాకా

సికింద్రాబాద్‌లో ఉదయం రైలు కదిలేసరికే వాన పట్టుకుంది. శ్రావణం ముసురు. గొడుగు మర్చిపోయానని కాజీపేట దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మీరు ఆ వైపు వెళ్ళేట్టయితే గొడుగు కాదు, రెయిన్‌కోటు పెట్టుకోండి. గొడుగు అక్కడి గాలికి ఆగదు.

ఈ ప్రయాణం ఒక్క మాట తేల్చడానికి పెట్టుకున్నది. బొగ్గు గనుల వైపు కుర్రాడు చరణ్ చేసిన ర్యాప్ ఆల్బమ్ ‘సెకండ్ షిఫ్ట్’ వచ్చి ఐదేళ్ళు నిండాయి. అది క్లాసిక్ అవునో కాదో తేల్చి రాయమని నేను రాసే వెబ్ పత్రిక సంపాదకుడు అడిగాడు. ఆయన వయసు నా ఉద్యోగమంత ఉండదు. రేడియోలో పాటలు వేసి రిటైరైనదాన్ని నేను. మా రోజుల్లో ఒక పాట ఇద్దరు ముగ్గురు ముఖ్యమంత్రుల్ని చూస్తే గానీ దాన్ని ఆ మాట అనేవాళ్ళం కాదు. ఇప్పుడు శుక్రవారం వచ్చిన పాట సోమవారానికి క్లాసిక్ అయి కూర్చుంటోంది. “ఇంట్లో కూర్చుని రాసేయొచ్చు కదండీ” అన్నాడాయన. ఇంట్లో తేలితే వానలో ఎందుకు బయల్దేరతాను?

ఆల్బమ్ వినని వాళ్ళ కోసం చెప్తాను. గని సైరన్‌తో మొదలవుతుంది. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగాల మీద, సెకండ్ హ్యాండ్ బండి మీద, క్వార్టర్ల సందుల్లో ప్రేమల మీద పాటలు. కుర్రాడికి మాట ఉంది, ఊపిరి ఉంది. రెండు పాటలు మాత్రం శుద్ధ దండగ, తనకు లేని కార్ల గురించి కోతలు. ఏడో పాట ‘కొడుకా’. చరణ్ స్నేహితుడు శ్రీకాంత్ బండి మీద నుంచి పడి చనిపోయాడు. శవం దగ్గర శ్రీకాంత్ తల్లి శోకం పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపును చరణ్ ఫోన్‌లో పట్టి, తర్వాత దాన్నే పల్లవిగా పెట్టాడు. “లే కొడుకా, డ్యూటీకి యాళ్ళయె కొడుకా, సద్ది గట్టిన కొడుకా.” దాని మధ్యలో అతని మాటలు గబగబా పరుగెడతాయి. ఆల్బమ్‌ని ఊరూరా తిప్పింది ఆ పాటే. దాన్ని పక్కన పెడితే మిగిలింది క్లాసిక్ అవుతుందా? ఆ గొప్ప ఎవరిది, కుర్రాడిదా, ఆ తల్లిదా? నా చిక్కంతా అక్కడే. ఆమెను ఒకసారి చూడాలనిపించి చరణ్‌కి ఫోన్ చేశాను. “అమ్మ మంచిగ మాట్లాడుతది మేడం, పోయి రండి” అని ఊరు చెప్పాడు.

నా ఎదురు సీట్లో డోర్నకల్ వెళ్ళే డిగ్రీ అమ్మాయి కూర్చుంది. ‘సెకండ్ షిఫ్ట్’ విన్నావా అని అడిగాను.

“ఇనుడేంది మేడం, మొత్తం నోటికొస్తది.”

“క్లాసిక్ అంటావా?”

“గా మాటలు మీలాంటోళ్ళే చెప్పాలె. మాకైతె అది మా ఇంటి ముచ్చట.” ఇంతలో డోర్నకల్ వచ్చింది, బ్యాగు నెత్తిన పెట్టుకుని వానలోకి దిగిపోయింది.

పదిన్నరకి ఖమ్మం. బస్టాండు దగ్గర తిన్న పూరీలో పిండి కంటే నూనె ఎక్కువ, అక్కడ ఇడ్లీయే మేలు. భద్రాచలం బస్సులో ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. ఇల్లెందు దాటాక రోడ్డు పక్కన నీళ్ళు నల్లగా పారుతున్నాయి. కొత్తగూడెంలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. గనిలో పని చేసి రిటైరైనవాడు, మెడలో తువ్వాలు, చేతిలో మందుల సంచి. ఎక్కడికి అంటే ఎక్కడికి అనుకున్నాక నా పని చెప్పాను.

“పోరగాళ్ళ పాటలా?” అన్నాడు. “అండ్ల పాటేడున్నదమ్మా, అన్ని తిట్లేనాయె.”

ఒక్కటి వినండని ఇయర్‌ఫోన్ ఇచ్చి ఏడో పాట పెట్టాను. మొదట నవ్వు మొహంతోనే విన్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. పాట అయిపోయినా చాలాసేపు అటే చూసి, ఇయర్‌ఫోన్‌ని తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. పాల్వంచ దాటాక అన్నాడు,

“గది పాట గాదమ్మా. గది ఏడుపు. ఏడుపును ఫోన్ల వెట్టుకుంటరా ఎవలన్న?”

అది ఆల్బమ్ తప్పో గొప్పో తేలక నోట్స్ రాసుకోవడం మానేశాను.

సారపాకలో దిగి మణుగూరు బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. కాగితం మిల్లు వాసన వానకి నేలకి దిగి గొంతులో కూర్చుంది. జామాయిల్ కర్ర లారీలు వరసగా ఆగి ఉన్నాయి. టీ బాగుంది, అది మాత్రం చెప్పాలి. మణుగూరు రోడ్డు అడవిలోంచి పోతుంది. టేకు చెట్లు పూత మీద ఉన్నాయి గానీ ఆ మబ్బులో పూతకీ బూడిదకీ తేడా తెలియలేదు. నాలుగింటికి మణుగూరులో దిగేసరికి రోడ్లన్నీ నల్ల బురద. లాడ్జి గది ఆరువందలు, దుప్పటికి తడి వాసన. పక్కనే ఒక మెస్‌లో పప్పూ పచ్చిపులుసూ పెడతారు. కడుపు నిండా తినొచ్చు.

చీకటి పడుతుండగా లాడ్జి ముందు నుంచి ఒక పెళ్ళి బరాత్ వెళ్ళింది. బండి మీద డీజే పెట్టెలు, ఎర్రా నీలం లైట్లు, కారులో వధూవరులు. వాన తుంపర్లోనే అంతా ఆడుతున్నారు. వేసిన పాట ‘కొడుకా’. మామూలు వేగానికి మూడింతలు పెంచి, కింద డప్పు మోత కలిపారు. “లే కొడుకా” అన్న చోట అందరూ ఒక్కసారిగా ఎగురుతున్నారు. పెళ్ళికూతురి మేనత్త కాబోలు, కొంగు నడుముకి చుట్టి మరీ ఆడుతోంది.

“ఇది చావు ఏడుపని తెలుసా వీళ్ళకి?” అని లాడ్జి యజమానిని అడిగాను.

“తెల్సు మేడం, అందరికి తెల్సు. బీట్ మంచిగుంటది గద.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పాదం మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా తాళం వేస్తూనే ఉంది.

మర్నాడు ఎనిమిదింటికి ఆటో మాట్లాడుకుని పినపాక వైపు వెళ్ళాను. ఆ తల్లి పేరు సారక్క అనుకోండి. పేర్లన్నీ మార్చాను, ఊరి పేరు కావాలనే రాయడం లేదు. భర్త గనిలో రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి అడవి అంచున రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. భర్త కూడా పోయాడు. ఇప్పుడామె ఒక్కతే ఉంటోంది. అరుగు మీద పుంటికూర, అదే గోంగూర, తెంపుతోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది.

“చరణ్ ఫోన్ జేసిండు. కూసో చెల్లె” అని పీట జరిపింది. నేనూ కూరలో చెయ్యి పెట్టాను.

పాట సంగతి నేను అడక్కముందే ఆమే ఎత్తింది. “ఆడు, నా కొడుకు ఒక్క కంచంల తిన్నరు. నా కొడుకు వోయినంక ఒకనాడు ఫోన్ వట్టుకొని వచ్చిండు. అమ్మా, నీ ఏడుపు పాటల వెడుత, నువ్వు వద్దంటె వద్దు అన్నడు. పెట్టుకో బిడ్డా అన్న. నా కొడుకు పేరు నలుగురి నోట్ల ఉంటదని.”

“ఉంది కదక్కా.”

“అవ్. ఉన్నది.” ఇంకో కట్ట ముందుకి లాక్కుని అడిగింది, “నువ్వేం రాస్తవ్?”

“ఆ పాటలు క్లాసిక్ అవునా కాదా అని రాయాలి.”

“గదేంది?”

పాతికేళ్ళు మైకు ముందు మాట్లాడినదాన్ని, తేలిగ్గా చెప్పగలనని గర్వం. “పాతబడనిదక్కా. మనం పోయినా మన పిల్లల పిల్లలు కూడా పాడుకునేది” అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. “అంటె ఇగ పోదా?”

మెచ్చుకోలుగా అన్న మాటకి ఆమె మొహం ఎందుకు అలా పాలిపోయిందో నాకు అర్థం కాలేదు. ఏమైందక్కా అంటే, అక్కడి ఏడుపుల సంగతితో మొదలుపెట్టింది.

అక్కడ చావంటే ఆడవాళ్ళు ఊరికే కన్నీళ్ళు పెట్టుకోరు. వీధి మలుపులోనే రాగం ఎత్తుకుంటారు. లోపలున్నవాళ్ళు లేచివచ్చి మెడలు పట్టుకుని అందుకుంటారు. పోయిన మనిషి ఏం తినేవాడో, ఎవరికి ఏం పెట్టాడో, ఎవరితో ఎందుకు పోట్లాడాడో అన్నీ అందులో వస్తాయి. మాటలు చావుకొక తీరు మారతాయి గానీ రాగం మాత్రం ఎవరిది వాళ్ళదే. తల్లి దగ్గర నేర్చుకున్నది, బతికినంతకాలం ఒక్కటే. సారక్క ఏడిస్తే ఆ మనిషి ఎలా బతికాడో ఊరందరికీ తెలిసేదట.

“మా ఆయన గుండెనొప్పితోటి వోయిండు. శవం కాళ్ళకాడ కూసున్న. నాకు వచ్చే రాగం గదొక్కటే. ‘లే అయ్యా, డ్యూటీకి యాళ్ళయె’ అని ఎత్తుకున్న. ముప్పయ్యేండ్లు ఆయనకు సద్ది గట్టిన, ఇంకేమని ఏడుస్త? నా ఎనుక నిలవడ్డ పిల్ల ఒకతి ‘సద్ది గట్టిన కొడుకా’ అన్నది. నేను అననే లేదింక. అదే అందుకున్నది. ఎక్కిరిచ్చుడు గాదు చెల్లె, పాపం, ఏడ్చుకుంటనే అన్నది. నలుగురు ఫోన్లు లేపిండ్రు. మొగని ముంగట కూసుంటె కొడుకు మల్లొకసారి సచ్చిపోయిండు. నోరు మూసుకున్న.”

“తర్వాత?”

“ఇగ రాలే. దినాలప్పుడు రాలే, మాసికాలల్ల రాలే. ఎత్తుకోబోతె ఆ పెట్టెల మోతే ఇనవడుతది. మొగడు సచ్చినా రాయి లెక్క కూసున్నదని ఆడిబిడ్డలు అంటాండ్రు. వచ్చే నెల యాడాది. ఆ రోజు కడసారి ఏడ్చి ముగిస్తరు, తర్వాత ఇగ ఏడ్వద్దు. సిన్మ పాటలు ఆర్నెల్లకు పాతవడుతయి గద. గిది గూడ గట్లనే పాతవడుతది, గప్పటిదాక ఓపిక వట్టాలె అనుకున్న. నువ్వేమొ పోనే పోదంటివి.”

ఆకులు ఎక్కడ వేస్తున్నానో కాడలు ఎక్కడ వేస్తున్నానో నాకే తెలియలేదు. “చరణ్‌కి చెప్పావా?” అన్నాను.

“చెప్తె పాట తీసేస్తడు ఆడు. తీసేస్తె నా కొడుకు పేరు వోతది. పాట ఉండాలె చెల్లె. జనం నోట్ల మాత్రం ఉండొద్దు. పాత పాటలు ఉంటయి సూడు, ఏడనో మూలకు వడి, ఎవలు పాడరు. గట్లుంటె సాలు నాకు.” తలెత్తి నా వైపు చూసింది. “నువ్వు శానా పాటలు ఇన్నదానివి. నిజం జెప్పు. గిది పాతవడదా?”

ఇన్నేళ్ళలో ఒక్క పాట గురించి కూడా నేను మనసులో ఒకటి పెట్టుకుని బయటకి ఇంకొకటి అనలేదు. దానివల్ల కొందరు స్నేహితులు దూరమయ్యారు కూడా.

“పడుతుందక్కా” అన్నాను. “అంత గొప్పదేం కాదది. కొత్తవి వస్తున్నాయి. ఇప్పటికే సిటీలో ఎవరూ వినడం లేదు.”

“నిజంగనా?”

“నిజంగా.”

“గట్లయితె మంచిదే” అని మళ్ళీ కూర అందుకుంది. తిని పొమ్మంటే తిన్నాను. పుంటికూర పప్పు, పచ్చిమిరపకాయలు. ఆమె మారు వడ్డించుకుంది.

మధ్యాహ్నం మణుగూరులో ఖమ్మం బస్సు దొరికింది. వాన తగ్గలేదు. అశ్వాపురంలో ఒక పిల్లతల్లి ఎక్కి నా పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఒళ్ళో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె వాణ్ణి భుజాన వేసుకుని వీపు మీద తడుతూ సన్నగా ఎత్తుకుంది, “పండు కొడుకా, పొద్దువోయె కొడుకా, పాలు దాగిన కొడుకా.”

అదే రాగం. ఎక్కడ సాగదీయాలో అక్కడే సాగదీసింది, ఎక్కడ గొంతు విరిగేదో అక్కడే విరిచింది.

“ఏ పాటమ్మా అది?” అన్నాను.

“పాట గాదక్కా, జోల. మా వదిన పాడుతది, ఇని నేర్చుకున్న. గిది పాడితెనే పండుతడు వీడు.”

“ఎవరిదో తెలుసా?”

“జోలలు ఎవరియి ఉంటయక్కా?” అని నవ్వింది. పిల్లాడు అప్పటికే నిద్రలో పడ్డాడు.

నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. అన్నీ తెలిసినదానిలా ఇంత పెద్ద మాట చెప్పి వచ్చాను, నా మాట ఒక పూట కూడా నిలవలేదు. ఆ పిల్లవాడు పెరిగి వాడి పిల్లలకి ఇదే పాడతాడు. చరణ్ పేరు పోతుంది, శ్రీకాంత్ పేరు పోతుంది, రాగం మాత్రం పోదు. సారక్క కోరుకున్నదొకటి, జరగబోయేది సరిగ్గా దాన్ని తిరగేసినట్టు.

ఖమ్మంలో సాయంత్రం రైలెక్కి, మహబూబాబాద్ దాటేలోపే వ్యాసం రాసేశాను. ‘సెకండ్ షిఫ్ట్’ క్లాసిక్, ఆ రెండు దండగ పాటలతో సహా. సంపాదకుడు సంబరపడ్డాడు, బొమ్మ ఏది పెడదామని అడిగాడు. ఏదో ఒకటి పెట్టమన్నాను. సారక్కకి చదువు రాదు, అదొక్కటే నాకు మిగిలిన ధైర్యం.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. దారి మంచిదే, బస్సులు దొరుకుతాయి, వానాకాలం వద్దు. పినపాక చుట్టుపక్కల ఎక్కడైనా ఒకావిడ మిమ్మల్ని కూర్చోబెట్టి, సిటీలో ఆ పాట ఇంకా ఇంటున్నరా అని అడిగితే, ఎవరూ వినడం లేదక్కా, ఎప్పుడో మర్చిపోయారు అని చెప్పండి. చెప్పేటప్పుడు ఆమె కళ్ళలోకి చూసి చెప్పండి, లేకపోతే నమ్మదు.