మూడో పిలుపు వినకూడదట

నెలవారీగా మాట్లాడుకుని ఆఫీసుకు దింపి తీసుకొచ్చే వ్యాన్‌ను ఇక్కడ గల్ఫ్‌లో కార్‌లిఫ్ట్ అంటారు. ఐన్ ఖాలిద్‌లో అన్నయ్యవాళ్ల ఇంటి ముందు ఎక్కితే వెస్ట్ బేలో దిగేదాకా నేను నోరు విప్పాల్సిన పని ఉండదు. పక్కన కూర్చునే భీమవరం అక్క ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది.

ఆ వారం ఆవిడ మాటలన్నీ ఒక ఆడియో గురించే. వాట్సాప్‌లో తిరుగుతోందట. డప్పులు మోగి మోగి ఒక్కసారిగా ఆగిపోతాయట. అప్పుడొక మగగొంతు, బావిలోంచి వచ్చినట్టు, మూడుసార్లు పిలుస్తుందట. మూడో పిలుపు విన్నవాడు మర్నాడు లేవడట.

"ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపులో ఒకాయన నిద్రలోనే పోయాడంట. ఇయర్‌ఫోన్లు చెవుల్లో అలాగే ఉన్నాయంట," అంది. "నాకూ వచ్చిందిలే. ముట్టుకుంటానా? నాకింకా బోలెడు పనులున్నాయమ్మా!"

మూడో పిలుపు విన్నవాళ్లంతా పోతే, పిలుపులు మూడని ఎవరు చెప్పారని అడగాలనిపించింది. అడగలేదు. అలాంటివి నేను డైరీలో రాసుకుంటాను.

"ఏమయ్యా, నీకూ వచ్చిందా?" అని ఆవిడ డ్రైవర్‌ని అడిగింది. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నేను అన్నా అంటాను.

"మాఫీ మేడం, రాలే. మాకు గవన్నీ ఎక్కడియి," అంటూ ఆయన ఏసీ పెంచాడు.

"వచ్చినా మమ్మల్ని దింపేశాక విను నాయనా!" అని నవ్వి, ఎందుకైనా మంచిదని నా ఫోన్‌ను వ్యాన్ స్పీకర్లకు కలిపించి దేవుడి పాటలు పెట్టించింది.

ఆ సాయంత్రమే ఆడియో నాకూ వచ్చింది. దాన్ని తీసెయ్యలేదు, వినలేదు. భోజనం చేస్తూ ఒకసారి, బట్టలు మడతపెడుతూ ఒకసారి ఫోన్ తెరిచి, అది ఉందో లేదో చూసుకుని మూసేశాను. చదువుతున్న నవలలో ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదివాను. ఏమైందని వదిన అడిగితే తలనొప్పి అన్నాను.

మర్నాడు అక్క సెలవు పెట్టింది. వ్యాన్‌లో నేనొక్కదాన్నే. ఎక్కినప్పటి నుంచి బొటనవేలు ఆ ఆడియో ప్లే గుర్తు చుట్టూనే తిరుగుతోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కాను.

చెవుల్లో ఏమీ వినిపించలేదు. వ్యాన్ నిండా డప్పులు మోగాయి. వ్యాన్ ఎక్కగానే నా ఫోన్ మళ్లీ ఆ స్పీకర్లకే కలిసినట్టుంది. కంగారులో ఫోన్ జారి సీటు కింద పడింది. దాని కోసం వంగి తడుముతుంటే వ్యాన్ రోడ్డు పక్కకు జరిగి ఆగింది. డప్పులు కూడా ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. తర్వాత ఒక గొంతు, గరగరమంటూ, "అవ్వా..." అంది.

ఫోన్ చేతికి దొరికింది. ఆపేశాను.

"బంద్ చెయ్యకు చెల్లె," అన్నాడు డ్రైవర్ అన్న, వెనక్కి తిరగకుండానే. "ఇంకా రెండు పిలుపులున్నయి."

ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టాను.

"గా గొంతు నాదే," అన్నాడు.

అవ్వ అంటే వాళ్లమ్మ. ఎండాకాలంలో పోయింది. ఈయనకు టికెట్ దొరికేసరికి ఆలస్యమయ్యేలా ఉంది, శవాన్ని అంతసేపు ఉంచలేమన్నారు. శ్మశానానికి వెళ్తూ దారిలో పాడె దింపి, ఏమైనా ప్రాణం మిగిలుంటే లేస్తుందన్న ఆశతో చెవిలో మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కళ్లం. నేను పుస్తకాల్లో చదివాను కానీ ఎప్పుడూ వినలేదు. మా వైపు ఆడవాళ్లు అంతదూరం వెళ్లరు.

"పిలిసుడు పెద్దకొడుకే పిలవాలె గదా. మా తమ్ముడు ఫోను అవ్వ చెవు కాడ వెట్టిండు. నేను గీడ క్యాంపుల మంచం మీద కూసొని పిలిసిన. ఎవలో రికార్డు చేసిండ్రు. తమ్ముడు నాకు పంపితే, మా ఊరి పిలగాడు అడిగిండని ఇచ్చిన. గంతే. గాడికెల్లి ఎటు వోయిందో, ఏమాయెనో."

"మీ గొంతని ఎవరికీ చెప్పలేదా అన్నా?"

"చెప్తే ఇంకింత భయపడ్తరు. పీనుగును పిలిసినోని పక్క మంచంల ఎవడు పంటడు?" స్టీరింగ్ మీద వేళ్లతో తట్టాడు. "నా ఫోన్ల ఉన్నదని రూములోళ్లకు ఎర్కైంది. ఇయ్యాల డ్యూటీ దిగినంక వాళ్ల ముంగట తీసెయ్యాలంట. లేకుంటే సామాను బయట వడేస్తరంట. తీసేసినంక మల్ల పంపుతవా అని తమ్మున్ని అడిగిన. గాని వాని ఫోను ఖరాబైందన్నడు."

వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. ఆయన వ్యాన్ కదిలించాడు.

"నీ దాంట్ల ఉండనీ చెల్లె. నాకు ఇంకో రూము దొరికేదాంకనే."

నేను ఇంట్లో అన్నయ్య పిల్లాడి గురించి, వదిన గురించి, ఊళ్లో అమ్మ గురించి ఆలోచించాను. అది చచ్చినవాళ్లను లేపడానికి పిలిచిన పిలుపని ఇప్పుడు నాకు తెలుసు. అయినా భయం పోలేదు, ఎందుకో చెప్పలేను. సరేనన్నాను. మిగతా రెండు పిలుపులూ వినిపించమని ఆయన అడగలేదు, నేనూ పెట్టలేదు.

మర్నాడు భీమవరం అక్క హుషారుగా ఎక్కింది. సెలవులో ఇంట్లో కూర్చునే, ఆఫీసులో తెలుగువాళ్లందరికీ ఫోన్లు చేసి ఆ ఆడియో తీయించేసిందట. "ఒక్కడి దగ్గరా లేకుండా చేశాను. నీ సంగతేంటి? తీసేశావా లేదా? ఏదీ, చూపించు!"

అద్దంలో డ్రైవర్ అన్న కళ్లు రోడ్డు మీద నుంచి లేచి నా మీద ఆగాయి. రాత్రి తన ఫోన్‌లోది తీసేసి ఉంటాడని ఆ చూపులోనే తెలిసింది.

"తీసేశానక్కా," అన్నాను. "చార్జింగ్ లేదు, ఫోన్ ఆఫ్ అయిపోయింది."

అంత గట్టిగా, అంత గబుక్కున నేను మాట్లాడటం ఆవిడకు కొత్త. నా మొహంలోకి ఒకసారి చూసి, వేరే కబుర్లలో పడింది. నేను వెస్ట్ బే వచ్చేదాకా ఫోన్ ఉన్న బ్యాగు జిప్పు మీద నుంచి చెయ్యి తీయలేదు.