‘రాలే’ అని ఏడ్చిన దొర

ఆ రికార్డు నాకు టంబోలాలో వచ్చింది. ఈ మాట ఇన్నేళ్లుగా చెబుతున్నాను. మా ఇంట్లో దీన్ని పూర్తిగా నమ్మినవాళ్లు ఇప్పటికీ లేరు.

బొగ్గుబావుల కాలనీలో నాకు కొత్తగా ఉద్యోగం దొరికిన రోజులవి. భూమి లోపల ఎటు తవ్వుతున్నారో భూమి పైన కూర్చుని కాగితం మీద గీసే పని. క్లబ్బులో నెలకోసారి టంబోలా ఆడించేవారు. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్. నేను కుక్కర్ కోసమే ఆడాను. రెండో బహుమతి గెలిచాను. అది ఎవరో క్లబ్బుకు ఇచ్చిపోయిన ఇంగ్లిషు పాటల ఎల్‌పీ రికార్డు, ఇంకా ఎవరూ పెట్టి విననిది. చప్పట్లు కొట్టినవాళ్ల మొహాల్లో ఈర్ష్య ఏమీ కనబడలేదు.

అట్ట మీద కోటు వేసుకున్న దొర ఒకాయన ఖాళీ హోటల్లో కూర్చుని, కప్పులో ఈగ పడినట్టు అందులోకే చూస్తుంటాడు. పాటలన్నీ ఒకే తీరు. ముందు ఒక గుంపు వయొలిన్లు కలిసి నిట్టూరుస్తాయి. తర్వాత ఆయన మన చెవి దగ్గరికి వచ్చి, తనను ఎవరో విడిచిపెట్టి వెళ్లారని మెల్లగా చెబుతాడు. పాట మారితే ఊరు మారుతుంది, వాన పోయి మంచు వస్తుంది, విడిచిపెట్టడం మాత్రం మారదు. అప్పుడే బదిలీ మీద పోతున్న స్నేహితుడొకడు తన ప్లేయర్ నా దగ్గర వదిలి, రికార్డులన్నీ వెంట తీసుకుపోయాడు. ఒక ప్లేయరు, ఒక రికార్డు. నా సంగీతాభిరుచి అలా స్థిరపడింది. ఆదివారం సాయంత్రం అది పెట్టుకుని మడత కుర్చీలో కూర్చునేవాణ్ని.

తర్వాత పెళ్లయింది. పిల్లది లక్సెట్టిపేట. కొత్త కాపురం పెట్టేటప్పుడు ఆడపిల్ల వెంట పెద్ద ముత్తైదువో ముసలామెనో వచ్చి కొన్నాళ్లు ఉండి పోవడం మా దగ్గర ఆనవాయితీ. మా అత్తగారికి వీలుపడక నా భార్య అమ్మమ్మ వచ్చింది. ఆమె ఇల్లు చూసే పద్ధతిని సోదా అనడం సబబు. ఒంటరి మగవాడి వంటింట్లో ఉప్పూ పసుపూ రెండూ ఉండడం ఆమెకు నచ్చలేదు. పసుపు ఎవరు తెచ్చారని అడిగింది. కొట్టువాడు ఇచ్చాడన్నాను. కొట్టువాడి గురించి కూడా రెండు ప్రశ్నలు వేసింది.

మొదటి ఆదివారం నేను అలవాటు కొద్దీ రికార్డు పెట్టాను. అమ్మమ్మ బియ్యం ఏరుతున్న చాట అలాగే పట్టుకుని గదిలోకి వచ్చింది.

“ఎవలు పోయిండ్రు బిడ్డా?”

ఎవరూ పోలేదని, అది పాట అని చెప్పాను. ఆమె నిలబడి విన్నది. శోకం సంగతి ఆమెకు తెలియనిది కాదు. లక్సెట్టిపేట చుట్టుపక్కల ఎవరి ఇంట్లో చావైనా, పోయినవాళ్ల గుణగణాలన్నీ రాగం తీసి చెబుతూ ఏడ్వడానికి ఈమె లేకపోతే వెలితిగా ఉండేదట. అంత అనుభవం ఉన్న మనిషికి ఈ దొర వ్యవహారం తేడాగా కనబడింది. మగవాడు రాగం తీసి ఏడుస్తున్నాడు. ఎదురుగా శవం లేదు. పైగా వింటున్న తన మనుమరాలి మొగుడు కళ్లు మూసుకున్నాడు.

నాలుగో పాట దగ్గర ఆమె చాట కింద పెట్టింది.

“రాలే, రాలే అంటుండు. ఎవలు రాలే?”

మా వైపు ‘రాలేదు’ అన్నంత పొడుగు మాట ఎవరూ వాడరు. బస్సు రాలే, నల్లా రాలే, డ్యూటీకి పోయిన మనిషి ఇంకా రాలే. కాలనీలో పొద్దున్నుంచీ గుమ్మాల్లో వినబడేది ఇదే మాట. నా భార్యది గుంటూరో ఏలూరో అయివుంటే ఈ గొడవే ఉండకపోను. వాళ్ల చెవికది దొర గొణుగుడు మాత్రమే.

నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివినవాణ్ని. చదువుకున్నవాడు చేసే తప్పే చేశాను. అర్థం చెప్పాను.

“అది ‘రాలే’ కాదు అమ్మమ్మా, ‘అవర్ లేన్’. అంటే మా గల్లీ అన్నట్టు.”

“ఏ గల్లీ?”

“ఏ గల్లీ అని చెప్పడు. ఉత్తగ గల్లీ.”

“గల్లీల ఏమైందట?”

“ఇదివరకు ఒకామె ఆ గల్లీల నడిచేదట. ఇప్పుడు నడుస్తలేదట.”

“అంటే రాలే అన్నట్టే గద అయ్యా.”

ఇంగ్లిషు ముక్క రాని మనిషి పాటలో సారం పట్టేసింది, నేను పైనుంచి చిరునామా కూడా అందించాను. టంబోలా సంగతి చెప్పాను. కుక్కర్ కోసం ఆడితే శోకం వచ్చిందంటే నమ్మే వయసు కాదు ఆమెది. గోడ అవతల క్వార్టర్ ఆమెను అమ్మమ్మ విచారిస్తే, ఐతారం ఐతారం గీ ఏడుపు పెడతడని, పెళ్లికి ముందునుంచీ ఉన్నదేనని సాక్ష్యం చెప్పింది.

అమ్మమ్మ కరీంనగర్‌లో నేను అద్దెకున్న గల్లీ గురించి అడగడం మొదలుపెట్టింది. ఆ గల్లీలో ఒక కట్టెల అడితి, ఒక పిండి గిర్ని, మేం నలుగురం చదువుకునే పిల్లలం ఉండేవాళ్లం. రావలసిన ఆడమనిషి గానీ, మానేయగల ఆడమనిషి గానీ ఎవరూ లేరు. ఇది నిజం. ఆ వయసులో ఒప్పుకోవడానికి ఇబ్బందికరమైన నిజం కూడా. నేను కొంచెం తడబడ్డాను. తడబాటు ఆమె దృష్టి దాటిపోలేదు.

వారం లోపల తీర్పు వచ్చింది. పిల్లను వెంట తీసుకుపోయి లక్సెట్టిపేటలో దింపుతుంది. తర్వాత తాను కరీంనగర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి పోయి, ఆ గల్లీ స్వయంగా చూసి వస్తుంది. తప్పేమీ కనబడకపోతే పిల్లను పంపుతుంది. న్యాయంగానే ఉంది. కానీ నెల తిరగకముందే కొత్త పెళ్లికూతురు పెట్టెతో బస్సు దిగితే లక్సెట్టిపేటలో ఎవరూ కారణం అడగరు. ఎవరి కారణాలు వాళ్ల దగ్గరుంటాయి. ఆ తర్వాత గల్లీలో ఏమీ దొరకకపోయినా, దొరకలేదన్న మాట ఆ కారణాల వెనకాల నడిచి రావలసిందే. పిల్ల అప్పటికి నాతో సరిగా మాట్లాడనే లేదు. నాకు ఆమె గురించి తెలిసింది తక్కువ. పోతే మళ్లీ వస్తుందో రాదో అంతకన్నా తక్కువ.

బయలుదేరే రోజు పొద్దున పెట్టె గుమ్మం దగ్గర పెట్టారు. అమ్మమ్మ కొంగులో టికెట్ చిల్లర ముడేసుకుంటోంది. నా భార్య ప్లేయర్ దగ్గరికి పోయి, పళ్లెం మీదున్న రికార్డు తీసి వెలుతురుకు పట్టి చూసింది. పైవైపు వేలితో రాస్తే మసి అంటింది. బొగ్గు ఊరు కదా, ఆ దుమ్ములో ముల్లు తిరిగి తిరిగి సన్నని గీతలు పడ్డాయి. తిప్పి చూసింది. రెండో వైపు కొత్త అద్దంలా ఉంది.

“గీ దిక్కు ఏమున్నది?” అని అడిగింది. పెళ్లయ్యాక ఆమె నన్ను సొంతంగా అడిగిన మొదటి ప్రశ్న అది.

“పాటలే ఉంటయి.”

“విన్నరా?”

“వినలే.”

“ఎందుకు?”

చెప్పడానికి కొంచెం సిగ్గయింది. “మొదటి దిక్కు అయ్యేసరికే నిద్రవడ్తది.”

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగింది.

“అమ్మమ్మా, నిజంగ మనసుల బాధున్నోడు సగం విని పండుకుంటడా? రెండో దిక్కు తిప్పకుండ ఉంటడా?”

అమ్మమ్మ ఆలోచించింది. ఎన్నో చావు ఇళ్లు చూసిన మనిషి. మధ్యలో ఛాయ్ రాగానే శోకం ఆపి గ్లాసు అందుకునేవాళ్లను కూడా చూసే ఉంటుంది. కొంగు ముడి విప్పకుండానే మంచం మీద కూర్చుని నన్ను పైనుంచి కిందిదాకా మరోసారి పరిశీలించింది.

“సగం ఏడ్చి పండుకునెటోనికి గంత కథ ఏడుంటది తియ్యి,” అన్నది.

నా శీలానికి అంతకన్నా గట్టి యోగ్యతాపత్రం మళ్లీ దొరకలేదు. పెట్టె లోపలికి వచ్చింది. అమ్మమ్మ ఒక్కతే బస్సెక్కింది. కిటికీలోంచి మనుమరాలికి ఏదో చెబుతూ నావైపు చూసింది. ఏం చెప్పిందో ఊహించడం కష్టం కాదు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కొన్నాళ్లకు మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వస్తుంటే కిటికీలోంచి వయొలిన్లు వినబడ్డాయి. గొంతు మా దొరదే. పాట మాత్రం నేనెప్పుడూ విననిది. ఆమె రెండో వైపు పెట్టుకుని వింటోంది. మర్నాడూ అదే. ఆ తర్వాత నేను గేటు చప్పుడు కాకుండా తీయడం నేర్చుకున్నాను.

బాధ ఉన్నవాళ్లే రెండో వైపు తిప్పుతారన్న సూత్రం నాది కాదు, ఆమెదే. దాన్ని పట్టుకుని నేను ఎటెటో పోయాను. గోడ అవతల ఆమెను అడిగాను. రోజూ పెడుతుందని చెప్పింది, ఈసారి నాకు సాక్ష్యంగా. మా బావమరిది వస్తే చదువుల మీదుగా, బస్సుల మీదుగా, చాలా తెలివిగా తిప్పి తిప్పి, లక్సెట్టిపేటలో వీళ్ల ఇల్లు ఏ గల్లీలో ఉంటుందో, ఆ గల్లీలో ఎవరెవరు ఉండేవారో అడిగాను. అతను నా తెలివికి మెచ్చి లోపలికి పోయి అక్కకు చెప్పేశాడు.

అతను వెళ్లాక ఆమె నాకు అన్నం పెట్టింది. పెట్టి ఎదురుగా కూర్చుంది.

“మా అమ్మమ్మ ఒక్కతే గిట్ల అనుకున్న. ఇంట్ల ఇద్దరున్నరన్నట్టు,” అన్నది. “అడుగుడైతే నన్నడుగుండ్రి.”

అడిగాను. ఎవరి కోసం వింటున్నావని.

“మీరు పొద్దుగాల పోతరు. గీడ నాతోని మాట్లాడెటోళ్లు ఎవలున్నరు? గా దొర ఒక్కడే. సమజైనా కాకున్నా ఏదో ఒకటి చెప్తుండు.”

అందులో అనుమానించడానికి ఏమీ లేదు. నేను ఎంత వెతికినా దొరకలేదు. అన్నం మాత్రం ఆ పూట కొంచెం తక్కువే తిన్నాను.

ఆ ఆదివారం కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాను. రెండో వైపే పెట్టమన్నాను. నిద్ర రాకుండా గట్టిగా కూర్చుని మొదటిసారి మొత్తం విన్నాను. విన్నాననడం అతిశయోక్తే. ఆమె ఏ పాట దగ్గర కళ్లు దించుతుందో అని నేను చూస్తున్నాను. నేను ఏ పాట దగ్గర మూస్తానో అని ఆమె చూస్తోంది. దొర ఆ మూలన ఏడుస్తూనే ఉన్నాడు.